కలెక్టరు అను మాట

రైలుబండిలో ప్రయాణము చేయునపుడు నల్లకోటు తొడిగిన ఉద్యోగి యొకరు వచ్చి టిక్కెట్టు చూపుమని యడుగుదురు. ఆయన టిక్కెట్టు కలెక్టరు. బండి దిగి జిల్లా ముఖ్యపట్టణములో నాలుగడుగులు వేసినచో విశాలమైన ఆవరణము, అందులో చెట్లక్రింద అర్జీలు చేతబట్టుకొని కూర్చున్న జనము కనబడును. అది కలెక్టరుగారి కచేరి. ‘వీరిద్దరును కలెక్టరులే గదా, ఇద్దరిలో ఎవరు పెద్ద?’ అని మాతో ప్రయాణము చేయుచున్న పిల్లవాడొకడు ఒకమారు అడిగెను. మేము నవ్వి ఊరకుంటిమి. కాని తరువాత ఆలోచించిన కొలదియు ఆ ప్రశ్న నవ్వి త్రోసివేయదగినది కాదని మాకు తోచినది. ఒకే మాట ఒకచోట టిక్కెట్టు ముక్కలు పుచ్చుకొనువానికిని, మరియొకచోట లక్షలాది జనుల మంచిచెడ్డలు చూచువానికిని ఎట్లు చెల్లినది? దీనికి సమాధానము నిఘంటువులో దొరకదు. చరిత్రలో వెదకవలసియున్నది.

మాట పుట్టుకయందు చిక్కేమియు లేదు. ఒకచోటికి చేర్చుట, ప్రోగుచేయుట అను అర్థముగల లాటిను ధాతువునుండి ఇంగ్లీషువారికి ఈ శబ్దము వచ్చినది. ప్రోగుచేయువాడు కలెక్టరు. తపాలా బిళ్ళలు కూర్చుకొనువాడును కలెక్టరే, పాతనాణెములు సేకరించువాడును కలెక్టరే. ప్రభుత్వపు పన్నులు వసూలుచేయువానికిని ఇంగ్లండులో ఈ పేరు చిరకాలమునుండి కలదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఓడరేవులయందు సుంకము వసూలుచేయు అధికారిని కలెక్టరనిరి. చెస్టర్ ఆర్థర్ అను నతడు 1871 మొదలు 1878 వరకు న్యూయార్కు రేవు కలెక్టరుగానుండి, 1881లో ఆ దేశమునకే అధ్యక్షుడయ్యెను. ఐనను రేవులో నున్నంతకాలము ఆయన అధికారము సరకులమీదనే గాని మనుష్యులమీద కాదు. అక్కడ కలెక్టరు సుంకము పుచ్చుకొనెను, జనులను ఏలలేదు. వసూలుచేయువాడే ఏలికయైన కథ మన దేశమునకు చెందినది.

అట్లని పన్ను ప్రోగుచేయువాని పేరు మనకు కొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రములో రాజ్యాదాయమునంతటిని సమకూర్చు మహోద్యోగికి సమాహర్త యని పేరు. సమాహరించుట యనగా చక్కగా ఒకచోటికి చేర్చుట. మహమ్మదీయ ప్రభువుల కాలములో తహశీల్దారు అను పేరు వచ్చినది. తహశీలు అను అరబ్బీ మాటకును వసూలుచేయుటయే అర్థము. సమాహర్త, తహశీల్దారు, కలెక్టరు: సంస్కృతము, అరబ్బీ, ఇంగ్లీషు మూడును కలిసి ఒక్కమాటనే మూడుమారులు చెప్పినవి. తహశీల్దారు కలెక్టరునకు లోబడిన ఉద్యోగి. అర్థమును బట్టి చూచినచో ఇద్దరిదియు ఒకటే పేరు. పేరు అర్థముచేత పెద్దది కాదు, దానిని మోయుచున్న అధికారముచేత పెద్దదగును.

ఇక కలెక్టరు మన దేశములో అడుగుపెట్టిన విధము చూతము. 1765లో ఢిల్లీ పాదుషా షా ఆలము వంగరాష్ట్రపు దివానీని ఈస్టిండియా కంపెనీకి వ్రాసియిచ్చెను. దివానీ యనగా ఆదాయము వసూలుచేయు హక్కు. వర్తకులకు భూమిశిస్తు సంగతి తెలియదు. 1769లో పైపర్యవేక్షణకై కొందరు ఉద్యోగులను జిల్లాలకు పంపి వారిని సూపర్‌వైజరులనిరి. 1772లో వారన్ హేస్టింగ్సు దివానీ వ్యవహారము కంపెనీయే స్వయముగా నడుపునని ప్రకటించి, ఆ ఉద్యోగులకు కలెక్టరులని పేరు పెట్టెను. మరుసటి సంవత్సరమే వారిని ఉపసంహరించుటకు నిశ్చయమయ్యెను. కొన్నియేండ్లు గడచిన పిమ్మట మరల నియమించిరి. 1786 తరువాత జిల్లాకొక కలెక్టరు స్థిరముగా నిలిచెను. శిస్తును న్యాయాధికారమును ఒకే చేతిలో ఉంచుట క్షేమము కాదని 1793లో కారన్‌వాలిసు రెంటిని వేరుచేసి, వ్యాజ్యముల విచారణ జడ్జీలకిచ్చెను. తరువాత నూరేండ్లకు పైగా సాగిన వాదమునకు ఇదియే మొదలు.

మన తెలుగుదేశమున కథ కొంత వేరుగా నడచినది. ఉత్తరసర్కారులకు 1765లోనే కంపెనీ ఫర్మానా సంపాదించినను, 1766లో నైజాముతో సంధి చేసికొనిన పిమ్మటగాని హక్కు కుదురుకొనలేదు. గుంటూరు సర్కారు 1788లోగాని చేతికి రాలేదు. మచిలీపట్టణము, విశాఖపట్టణము మొదలైన చోట్ల వర్తకపు కోఠీలలో నుండిన చీఫు, ఆయన కౌన్సిలు శిస్తు వ్యవహారమును గూడ చూచుచుండిరి. వర్తకమును పరిపాలనమును ఒకే గుమాస్తాలు నడుపుచుండుటచే రెండును చెడినవి. 1794లో ఈ చీఫులను, కౌన్సిళ్ళను రద్దుచేసి సర్కారులలో కలెక్టరులను నియమించిరి. తెలుగువారికి ఈ మాట పరిచయమైనది అప్పటినుండి. మాట ఇంగ్లీషుదే యైనను కచేరి మాత్రము పాతదే. కలెక్టరు కచేరికి హుజూరు కచేరి యని పేరు, అందులో శిరస్తాదారు, మున్షీ, గుమాస్తా, ఊరిలో కరణము. దొర ఒక్కడు కొత్తవాడు, తక్కినదంతయు పూర్వపు సామగ్రియే.

1800లో నైజాము బళ్ళారి, కడప ప్రాంతములను కంపెనీకి ధారాదత్తము చేయగా, థామస్ మన్రో ఆ దత్తమండలమునకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చెను. పాళెగాండ్ర పోరాటములతో నలిగిపోయిన సీమ యది. ఆయన 1807 వరకు ఉండి, గుడారములలో ఊరూరు తిరిగి, పొలమువెంట పొలము కొలిపించి, రైతుతో నేరుగా శిస్తు కుదుర్చు రైతువారీ పద్ధతిని పాదుకొల్పెను. రైతువారీ వలన కలెక్టరు అను మాటకు కొత్త బరువు వచ్చినది. జమీందారీ సీమలో కలెక్టరు జమీందారునుండి పేష్కషు పుచ్చుకొని ఊరకుండవచ్చును. రైతువారీ సీమలో ఒక్కొక్క రైతునకు ఎంత శిస్తు, వాన లేనియేడు ఎంత మాఫీ అనునది కచేరిలో తేలవలసినది. జమాబందీ నాటి నిర్ణయము సంసారముల తలవ్రాతయయ్యెను. కావుననే రైతు కలెక్టరును చూచి భయపడెను, కలెక్టరునే ఆశ్రయించెను. మన్రో తరువాత మద్రాసు గవర్నరై, 1827 జులై 6వ తేదీన పత్తికొండలో విశూచివ్యాధిచే మరణించెను. ఆ సీమలో కొందరు బిడ్డలకు మన్రోలప్ప యని పేరుపెట్టుకొనిరని చెప్పుకొనుట కలదు. కలెక్టరు కచేరి మన భాషకు చేసిన ఉపకారమొకటి కూడ ఇచ్చట స్మరింపదగినది. 1820లో కడప కలెక్టరు హాన్బరీవద్ద సహాయకుడుగా చేరిన సి. పి. బ్రౌను అక్కడనే తెలుగు నేర్వ మొదలుపెట్టెను. 1852లో వెలువడిన ఆయన నిఘంటువు నేటికిని మన బల్లలమీద నున్నది.

మద్రాసు రాజధానిలో 1816వ సంవత్సరపు రెగ్యులేషనులు ముఖ్యమైనవి. కారన్‌వాలిసు విడదీసిన దానిలో కొంత అవి మరల కలిపినవి. జడ్జీలచేతినుండి మేజిస్ట్రేటు అధికారమును, పోలీసుపై పెత్తనమును తీసి కలెక్టరునకిచ్చినవి. ప్రోగుచేయువానికి శిక్షించు అధికారము గూడ చేకూరినది. అదే సంవత్సరము గ్రామపెద్దకు చిన్నచిన్న వ్యాజ్యములు తీర్చు అధికారమిచ్చి విలేజి మునసబు అను పేరు పెట్టిరి. మునసబు అనగా ఇన్సాఫు, అనగా న్యాయము, చేయువాడు. జిల్లా మునసబు నిజముగా న్యాయాధికారియే. గ్రామ మునసబు మాత్రము 1984లో ఆ పదవి రద్దగు వరకు ముఖ్యముగా శిస్తు వసూలుచేయుచునే యుండెను. వింత చూడుడు: ఊరిలో న్యాయము పేరుగలవాడు పన్ను వసూలుచేసెను, జిల్లాలో వసూలు పేరుగలవాడు న్యాయము చెప్పెను.

ఇట్లు రెండధికారములు ఒకేచోట చేరుట కాగితముమీద సౌకర్యముగానే కనబడును. ఊరిలో దాని ఫలమేమి? 1832-33లో గుంటూరు ప్రాంతమును నందననామ సంవత్సరపు క్షామము, మనవారు డొక్కల కరువనునది, ముట్టడించెను. ఐదులక్షల జనములో రెండులక్షల వరకు నశించినట్లు అంచనా. వసూలుచేయుటకు ఏర్పడిన యంత్రము, ఇచ్చుటకు ఏర్పాటు లేనప్పుడు ఎంత అశక్తమో ఆ యేడు తెలిసినది.

అంతకంటె దారుణమైన సంగతి ఇరువదియేండ్ల తరువాత బయటపడెను. శిస్తు రాబట్టుటకై క్రింది నౌకరులు రైతులను హింసించుచున్నారను మొర చాలకాలమునుండి వినబడుచుండెను. చెన్నపట్టణమునందలి తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసుసెట్టి 1844లో క్రెసెంటు అను పత్రికను, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషను అను సంఘమును స్థాపించి, ఈ మొరను ఇంగ్లండు పార్లమెంటు వరకు కొనిపోయెను. విచారణకై ప్రభుత్వము నియమింపవలసివచ్చిన సంఘము 1855లో నివేదిక సమర్పించెను. రైతులను ఎండలో నిలువబెట్టుట, వంగబెట్టి వీపుమీద రాయి ఎత్తుట, చేతివ్రేళ్ళను చెక్కల నడుమ నొక్కుట మొదలైనవి నిజమేనని అందు తేలినది. శిస్తు అడుగు నౌకరే పోలీసు అధికారముగూడ గలవాడగుటచే, కొట్టినవానిపై కొట్టినవానికే ఫిర్యాదు చేయవలసివచ్చుచుండెను. ఆ నివేదిక ఫలముగా 1859 నాటి చట్టముచే పోలీసు ప్రత్యేకశాఖ యయ్యెను. పదవుల పేర్లు, వాని హద్దులు కేవలము పండితుల వాదవిషయములు కావు. ఏ పేరుగలవానికి ఎంత అధికారమున్నదో దానినిబట్టి ఒక రైతు వీపుమీద రాయి ఉండుటయో దిగుటయో జరిగినది.

మన్యప్రాంతమునకు పోయినచో అదే కలెక్టరునకు మరియొక పేరు. 1839లో గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండసీమలను సాధారణ చట్టములనుండి తప్పించి, అచ్చటి పరిపాలనమును కలెక్టరునకే గవర్నరు ఏజెంటు అను హోదాతో అప్పగించిరి. ఏజెంటు పాలించు భూమి ఏజెన్సీ. ఇంగ్లీషువానికి ఏజెన్సీ యనగా వర్తకపు ముఖత్యారు. తెలుగువానికి మాత్రము ఆ మాట వినగానే కొండలు, అడవులు, గిరిజనుల గూడెములు మనసున మెదలును. ఆ ఏజెంటు పోయి చాలకాలమైనను ఏజెన్సీ అను పేరు ఆ కొండలను వదలలేదు.

తెలంగాణములో కథ ఇంకను వేరు. నైజాము రాజ్యమున మొదట తాలూక్దారు లనువారు శిస్తును గుత్తకు పుచ్చుకొనిన వారు. ఇంత సొమ్ము సర్కారునకు చెల్లింతుమని ఒప్పుకొని, జనులనుండి రాబట్టగలిగినంత రాబట్టుకొనుచుండిరి. మొదటి సాలార్‌జంగు ఆ గుత్తపద్ధతిని తొలగించి, 1865లో జిలాబందీ అను పేర జిల్లాలేర్పరచి, జీతమునకు పనిచేయు అధికారులను నియమించెను. వారికి పేరు మాత్రము పాతదే యుంచెను. జిల్లాకు పెద్ద అవ్వల్ తాలూక్దారు. ఆయన క్రింద రెండవ, మూడవ తాలూక్దారులు. అదే కాలమున అయోధ్య సీమలో తాలూక్దారనగా వేలకొలది ఎకరముల పెద్ద భూస్వామి. ఒకచోట గుత్తదారు, ఒకచోట జీతగాడు, ఒకచోట దొర. న్యాయశాఖను పరిపాలనశాఖనుండి వేరుచేయుటలో హైదరాబాదు సంస్థానము ఇంగ్లీషు జిల్లాలకంటె ముందే అడుగువేసి, 1920ల తొలినాళ్ళలోనే ఆ పని చేసినదని గూడ చెప్పుకొనవలెను. 1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున కలిసిన తరువాత తాలూక్దారు పేరు పోయి, అక్కడను కలెక్టరు వచ్చెను.

ఇక పొరుగు రాష్ట్రముల సంగతి. మైసూరు రాజ్యమును 1831 మొదలు 1881 వరకు ఇంగ్లీషు కమిషనరులు పాలించిరి. వారి చేతిక్రింద జిల్లాలు చూచువారు డిప్యూటీ కమిషనరులైరి. ఆ పేరు కర్ణాటకమున నేటికిని నిలిచియున్నది. మన్రో ఏలిన బళ్ళారి మద్రాసు రాజధానిలో నున్నంతకాలము కలెక్టరు జిల్లా. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు బళ్ళారిలో అధికభాగము మైసూరులో చేరినది. నేడు అనంతపురమున కలెక్టరనబడు అధికారిని ఎల్లదాటి బళ్ళారికి పోగానే డిప్యూటీ కమిషనరందురు. పని ఒకటే, సర్వీసు ఒకటే. ఇదికాక పెద్దనగరములలో డిప్యూటీ కమిషనరనగా పోలీసు అధికారియు కావచ్చును. ఉత్తరప్రదేశము, పశ్చిమబెంగాలులలో ఆ జిల్లా అధికారియే డిస్ట్రిక్టు మేజిస్ట్రేటు అను పేరుతో పిలువబడును. కలెక్టరునందలి వసూలు ఒకచోట, మేజిస్ట్రేటునందలి శిక్ష ఇంకొకచోట పేరుగా నిలిచినవి. ప్రతి పేరును ఆ సీమ చరిత్రలో ఒక తేదీని మోయుచున్నది.

చట్టపు పుస్తకము తెరచినచో కలెక్టరు ఇంకను వ్యాపించును. 1894 నాటి భూసేకరణ చట్టములో కలెక్టరనగా జిల్లా కలెక్టరనియు, డిప్యూటీ కమిషనరనియు, ప్రభుత్వము ప్రత్యేకముగా నియమించిన ఏ అధికారియైననుగూడ కావచ్చుననియు నిర్వచించిరి. 2014 జనవరి 1వ తేదీన ఆ చట్టము స్థానమున కొత్తచట్టము అమలులోనికి వచ్చువరకు ఆ మాట ప్రకారమే దేశమంతట భూములు సేకరించిరి. కాలువ క్రిందనో, రోడ్డు క్రిందనో పొలము పోవుచున్న రైతునకు కలెక్టరు పేర తాఖీదు వచ్చును. పెద్ద కలెక్టరుగారే తన్ను పిలిచినారని అతడు జిల్లా కచేరికి పరుగెత్తును. అక్కడ విచారింపగా, ఆ పని చూచునది ప్రత్యేక డిప్యూటీ కలెక్టరనియు, ఆయన కార్యాలయము వేరొక వీధిలో నున్నదనియు తెలియును. ఈలోపల అభ్యంతరము చెప్పవలసిన గడువు కరిగిపోవచ్చును. చట్టములో నిర్వచనమనునది ఒక్క వాక్యమే. ఆ వాక్యము తెలియనివానికి అది ఒక ఎకరము నేల.

రేవులలో సుంకము చూచువారును, ఎక్సైజు పన్ను చూచువారునుగూడ మన దేశములో చిరకాలము కలెక్టరులుగానే యుండిరి. 1995లో వారి పదవికి కమిషనరను పేరు వచ్చెను. తమాషా ఏమనగా, నిజముగా పన్ను ప్రోగుచేయుటయే పనిగాగల వారు ఆ పేరును వదలివేసిరి. పన్ను వసూలు తన పనిలో ఒక స్వల్పభాగమైపోయిన జిల్లా అధికారి మాత్రము ఆ పేరును పట్టుకొనియే యున్నారు.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత కలెక్టరు పనియే మారినది. న్యాయశాఖను పరిపాలనమునుండి వేరుచేయవలెనని 1950 నాటి రాజ్యాంగము 50వ అధికరణములో ఆదేశించెను. కొత్త క్రిమినలు ప్రొసీజరు కోడు 1974 ఏప్రిలు 1న అమలులోనికి రాగా, నేరములు విచారించి శిక్షించు పని దేశమంతట న్యాయశాఖ మేజిస్ట్రేటులకు పోయి, శాంతిభద్రతలకు సంబంధించిన అధికారములు కలెక్టరువద్ద మిగిలెను. 1793లో మొదలైన వాదము ఇట్లు ముగిసినది. నేడు కలెక్టరు ఎన్నికలు నడుపును, బడులు చూచును, ఆసుపత్రులు చూచును. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పటివంటి విపత్తులలో బియ్యము, బట్ట, గూడు జనులకు చేర్చవలసిన బాధ్యత ఆయనదే. ప్రోగుచేయువాడు పంచిపెట్టువాడయ్యెను.

పని మారినపుడు పేరు మారవలదా యని కొందరడుగుదురు. తమిళులు వసూలు అను భావమును విడిచి, జిల్లా పాలకుడను అర్థమువచ్చు మాటను కల్పించుకొనిరి. హిందీవారికి జిలాధికారి కలడు. మనవారు కలెక్టరును మార్చలేదు. చివర ఉకారము చేర్చి, గారు తగిలించి, తెలుగు మాటగా చేసికొనిరి. పల్లెటూరి తల్లి కొడుకును ఎత్తుకొని పెద్దయై కలెక్టరు కావలెనని దీవించునపుడు ఆమె మనస్సులో శిస్తు లేదు, లాటిను ధాతువు లేదు. తన ఊరి మొర వినగల స్థానమున తన బిడ్డ కూర్చుండవలెనను కోరికయే యున్నది. ఆ దీవెనయే ఆ మాటకు తెలుగులో స్థిరపడిన అర్థమని మేమనుకొందుము.

ఐనను పాత అర్థము పూర్తిగా చచ్చినదనుకొనరాదు. సోమవారము ఉదయమున ఏ కలెక్టరు కచేరికి పోయినను వరుసగా నిలిచిన జనము కనబడుదురు. పింఛను రానివారు, పట్టా అందనివారు, సరిహద్దు తగవు తీరనివారు చేతిలో కాగితములతో నిలిచియుందురు. కలెక్టరు ఆ కాగితములను ఒక్కొక్కటిగా పుచ్చుకొందురు. పూర్వము శిస్తును ప్రోగుచేసిన చేయి నేడు అర్జీలను ప్రోగుచేయుచున్నది. ప్రోగుచేసిన శిస్తు ఖజానాకు పోయినదా లేదా యని ఆనాడు పైవారు లెక్క అడిగిరి. ప్రోగుచేసిన అర్జీలు ఏమైనవని నేడు లెక్క అడుగవలసినది జనులు.

మా పిల్లవాని ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పగలము. ఇద్దరిలో ఎవరు పెద్ద యనునది పేరునుబట్టి తేలదు. టిక్కెట్టు కలెక్టరు మనవద్ద ఏమి పుచ్చుకొనవలెనో, పుచ్చుకొనుటకు ఆయనకున్న హక్కు ఎంతయో మనకు తెలియును. కావున ఆయనకు మనము భయపడము. జిల్లా కలెక్టరుగారి విషయములోను ప్రతి సామాన్యునకు అంత స్పష్టముగా తెలిసిననాడు, చెట్టుక్రింద అర్జీతో కూర్చున్న మనిషి తల ఎత్తుకొని లోపలికి పోగలుగును.